నల్లకాగితాల గదిలో మేష్టారు

సంతాపసభలో మా మేష్టారిని సౌమ్యులన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

శ్రీకాకుళంలో ఆయన ఫిజిక్స్ చెప్పిన కాలేజీలోనే పెట్టారు సభ. ఫొటోకి దండ, దండ కింద గుప్పెడు అగరొత్తులు. అగరొత్తులు! బతికుండగా ఆ అంతస్తులో ఎవరైనా ఒక్క అగరొత్తి వెలిగిస్తే, ఆ పొగలోని నలుసులు వచ్చి తన గాజుపలకల మీద వాలతాయని, గదిలోంచి బయటికొచ్చి మరీ తిట్టిన మనిషి. ఒకాయన లేచి మితభాషి అన్నాడు. ఇంకొకాయన కోపమంటే ఎరగరన్నాడు. "మనం ఎవరి సభకొచ్చామండీ?" అని పక్కనున్నావిడ చెవిలో అడిగాను. ఆవిడ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతలో ఒక పెద్దమనిషి మైకు అందుకున్నాడు. "కిడ్నీ జబ్బును ముందే కనిపెట్టాలని జీవితమంతా పరిశోధన చేసిన మనిషి, తనకే ఆ జబ్బుందని తెలియక బలైపోయారు. విధి విలాసం చూడండి" అని గొంతు వణికించాడు. అక్కడింక కూర్చోలేకపోయాను. లేచి బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను.

తెలియకనా? ఆయనకా? తన ఒంటికి తెలియకముందే ఆయనకు తెలుసు. తెలిసిన పూట నేను పక్కనే ఉన్నాను, చూపించింది కూడా నేనే. విధి, విలాసం అని ఎవరో నోటికొచ్చింది మాట్లాడితే ఊరుకోవడానికి నేనేం పరాయిదాన్ని కాను. అందుకని ఇది రాస్తున్నాను. పేరు రాయను. పేరు రాస్తే దాని ముందు డిగ్రీలు రాయాలి, వెనక పదవులు రాయాలి, అప్పుడిది ఇంకో సంతాపసభ అవుతుంది. మాకాయన మేష్టారు. అంతే.

పొట్టిమనిషి. జీడిపిక్క రంగు చొక్కా. అలాంటివే నాలుగైదు ఉండేవేమో, ఎప్పుడు చూసినా అదే చొక్కా వేసుకున్నట్టు ఉండేవారు. గొంతు మాత్రం కాలేజీ గేటు దాకా వినిపించేది. మోకాళ్ళ నొప్పులు. వాటికి జేబులో నొప్పి బిళ్ళలు ఉంచుకుని బఠాణీలు తిన్నట్టు తినేవారు. పరిశోధన కాగితాలన్నీ ఇంగ్లీషులోనే రాసేవారు, రాసేటప్పుడు ఒక్క కామా తప్పు పోనిచ్చేవారు కారు, కానీ నోరు తెరిస్తే ఉద్దానం జీడితోటల్లో పుట్టిన మనిషే. క్లాసులో కూడా అంతే. "వెలుగు ఏటి సేస్తాది? వెలుగు ఎల్తాది. ఎల్లినప్పుడు ఏటవుతాది?" అని మొదలుపెడితే చివరి బెంచీ వాళ్ళు కూడా ముందుకు జరిగి కూర్చునేవారు.

ఆయన గది ఒకప్పుడు ఆటవస్తువులు దాచుకునే కొట్టు. కిటికీలన్నిటికీ నల్లకాగితం అంటించారు. లోపల ఒక మైక్రోస్కోపు, దానికి కెమెరా, లేజరు, ఒక పాత కంప్యూటరు. మైక్రోస్కోపు కింద మట్టి నింపిన సైకిల్ ట్యూబులు ఉండేవి, రోడ్డు మీద లారీ పోతే గది అదిరినా బల్ల అదరకుండా. తలుపు దగ్గర ఆయన నిలబడి ఉండేవారు, చేతిలో టార్చితో. మామూలు టార్చి కాదు. కంటికి సరిగ్గా ఆనని ఊదారంగు వెలుగు వచ్చేది దాన్నుంచి. ఆ వెలుగులో కొన్ని వస్తువులు వాటంతటవే మెరుస్తాయి. లోపలికొచ్చేవాళ్ళని తలనుంచి పాదాల దాకా ఆ టార్చితో వెతికిగానీ రానిచ్చేవారు కారు.

నేను పరిశోధన చేస్తానని మొదటిరోజు వెళ్ళినప్పుడు ఒంటిమీద తెల్ల చున్నీ, తలలో మల్లెపూలు ఉన్నాయి. ముందురోజే మా పిన్ని కూతురి పెళ్ళి, కాళ్ళకి పసుపు. తలుపు వేసి టార్చి నొక్కారు. చున్నీ నీలంగా భగ్గుమంది. పాదాలు పచ్చగా వెలిగాయి.

"ఓలమ్మో! ఏటే గుంటా ఇది! పెళ్ళి పందిరి లైట్లన్నీ నువ్వే మోసుకొచ్చినట్టున్నావు!" అన్నారు. "సబ్బుపొడిలో తెలుపు మందు ఏస్తారు, అది మెరుస్తాది. పసుపు మెరుస్తాది. పూలల్లో పుప్పొడి మెరుస్తాది. నానేమో లోపల ఒకే ఒక్క అణువు మెరుపు సూడాలని ఏడస్తన్నాను. ఎల్లు. కడుక్కుని రేపు రా."

ఆ రోజు తిరుగు బస్సెక్కాను. మాది కళింగపట్నం, నాన్న సముద్రం మీదికెళ్ళేవాడు, అమ్మ చేపలు ఎండబెట్టి అమ్మేది. ఇంటికెళ్ళి గుమ్మంలోనే పాదాలు రాతిమీద పెట్టి రుద్దుతుంటే అమ్మ వింతగా చూసింది. "సదువు సెప్పే మేష్టరు కాళ్ళు సూసేడేటే? సేతులు సూసేవోడ్ని సూసేను గానీ!" అంది. నాకు కోపం ముక్కుమీదుంటుంది. మర్నాడు వెళ్ళనన్నాను. అమ్మే తోలింది. "నీ కాళ్ళకి పసుపున్నాదని ఎల్లిపొమ్మన్నాడు గానీ, నువ్వు ఎండుసేపలమ్మే దాని కూతురివని ఎల్లిపొమ్మన్లేదు గదా. ఎల్లు" అంది. వెళ్ళాను. ఆ గదిలోంచి మళ్ళీ బయటికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ టార్చి పిచ్చి గురించి కథలు ఊరంతా చెప్పుకునేవారు. ఒకసారి విశాఖపట్నం నుంచి ఎవరో పెద్దాయన గది చూడ్డానికొచ్చారు, గంజి పెట్టిన తెల్లటి చొక్కా, తెల్లటి ప్యాంటు. మేష్టారు టార్చి వేశారు. ఆయన నీలి దెయ్యంలా వెలిగారు. మేష్టారు వినయంగానే అడిగారు, లోపలికి రావాలంటే చొక్కా విప్పాలని. పక్కనున్న ప్రిన్సిపాల్‌గారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. చివరికి వాచ్‌మన్ దుప్పటి తెచ్చి కప్పారు. ఆ పెద్దాయన ఆ దుప్పట్లోనే గంటసేపు కూర్చుని అంతా విని, పోతూ పోతూ మేష్టారి చెయ్యి పట్టుకుని ఊపారు. సౌమ్యులట!

ఇంతకీ లోపల ఏం చేసేవాళ్ళమంటే, వెండితో పని. నగల వెండి కాదు. వేలిగోరంత గాజుపలక మీద, ఎంత పెద్ద భూతద్దం పెట్టినా ఆనని వెండి రవ్వలు అమర్చడం. ఆ రవ్వలకూ రవ్వలకూ మధ్య సన్నటి సందులుంటాయి. పలక మీద లేజరు వెలుగు పడితే అది ఆ సందుల్లో పోగుపడుతుంది. అక్కడ రంగుమందు అంటిన అణువు ఒక్కటి చిక్కితే చాలు, మామూలుగా కెమెరాకు అందనంత మినుకుమనేది కాస్తా చుక్కలా మెరుస్తుంది. ఒక్క అణువు, ఒక్క చుక్క. చుక్కలు లెక్కపెడితే అణువుల్ని లెక్కపెట్టినట్టే.

కానీ వెండితో చిక్కుంది. అణువు వెండికి మరీ ఆనుకుంటే దాని వెలుగును వెండే మింగేస్తుంది. దూరంగా ఉంటే వెండి ఉన్నా లేనట్టే. అందుకని వెండిమీద సన్నటి గాజుపొర వెయ్యాలి, కొలిచినట్టు. ఆ కొలత నాకు ఎన్ని నెలలకూ కుదరకపోతే మేష్టారు ఇలా చెప్పారు. "వెండంటే అత్తోరిల్లే గుంటా. అదే ఇంట్లో కాపురమెట్టేవనుకో, ఆరిపోతావు. పై ఊర్లో పెట్టేవనుకో, నీ ముఖం ఎవడూ సూడ్డు. పక్క వీదిలో పెట్టాల." అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. అయ్యాక తెలిసింది, ఆయన చెప్పింది ఫిజిక్స్ ఒక్కటే కాదని.

ఇంకో అలవాటు. చుక్క ఆరిపోయినప్పుడు చప్పట్లు కొట్టేవారు. చాలా అణువులు కలిసి వెలుగుతుంటే ఆ వెలుగు మెల్లమెల్లగా మసకబారుతుంది. ఒక్కటే అయితే మసకబారడం ఉండదు, టప్పున పోతుంది. అలా పోయిందంటే మనం చూసింది నిజంగా ఒక్క అణువునే అని రుజువు. తెరమీద చుక్క టప్పున ఆరగానే ఆ చీకట్లో చప్పట్లు వినిపించేవి. "ఒక్కటే! ఒక్కటేనే!" అని. బయట వరండాలో పోయేవాళ్ళు లోపల సినిమా ఆడుతోందేమో అనుకునేవారు.

ఇదంతా ఎందుకు? ఆయన ఇద్దరన్నలు ఉద్దానంలో జీడితోటలు చేసుకునేవారు. ఇద్దరూ కిడ్నీలు పోయి పోయారు. అక్కడ ఆ జబ్బు దేనివల్ల వస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. పొలంలో పనిచేసే మనిషి, సుగరు ఉండదు, నొప్పి ఉండదు, ఒకరోజు కాళ్ళు వాచి ఆసుపత్రికి వెళితే కిడ్నీ సగానికి పైగా పోయిందంటారు. పెద్దన్న అలాగే పోయాడు. చిన్నన్నను ఆయనే తీసుకెళ్ళి అన్ని పరీక్షలూ చేయించారు, అన్నీ బాగున్నాయన్నారు, ఆ తర్వాత రెండు వర్షాకాలాలు కూడా దాటలేదు. "తెలిసేసరికి అయిపోతాది" అనేవారు మేష్టారు. ఆ ఒక్కమాట మాత్రం గట్టిగా అనేవారు కారు. కిడ్నీ పాడవడం మొదలైన కొత్తలో ఒక రకం ప్రోటీను మూత్రంలోకి రవ్వరవ్వగా జారుతుంది. మామూలు పరీక్షకి అందనంత తక్కువ. మా రంగుమందు అంటేది ఆ ప్రోటీనుకే. దాన్ని పట్టుకోగలిగితే మనిషికి కొన్నేళ్ళు చేతికొస్తాయి. ఆయనకు కావలసింది ఆ కొన్నేళ్ళే. పేపర్లు, బహుమతులు, విదేశాల్లో మీటింగులు, వస్తే సరే లేకపోతే పోనీ.

మా పలకలు మంచివో కావో తేలాలంటే జబ్బులేని మనిషి మూత్రం నమూనా ఒకటి ఉండాలి. దానిమీద చుక్కలు రాకూడదు. ఉద్దానంలో ఆయన ఊరినుంచి వచ్చే నమూనాల్ని దానితో పోల్చాలి. ఆ జబ్బులేని మనిషి ఎవరంటే మేష్టారే. ఇంకెవరినీ ఒప్పుకునేవారు కారు.

"రోజూ ఒకే మనిషిదైతే తేడాల్రావు. నాకు సుగర్లేదు, బీపీ లేదు. సిన్నప్పుడే ఊరొగ్గీసి వచ్చీసినాను. నాగావళి నీళ్ళు తాగి బతికినోడ్ని. నాకేటున్నాది?" అనేవారు. ఉదయం స్కూటరు మీదొస్తే సంచిలో టిఫిను డబ్బా, దాని పక్కన మూతబిగించిన సీసా. ఏ రోజూ ఒకదాని బదులు ఇంకోటి తెరవలేదు, మా అదృష్టం. ఊర్లో అందరూ అనుకునే మాటే ఆయనా నమ్మారు. జబ్బు ఆ ఊరి నీళ్ళలోనే ఉందని, ఊరు దాటితే వదిలేస్తుందని. ఇంత చదివిన మనిషి, ప్రతి గాజుపలకనీ అనుమానించే మనిషి, ఆ ఒక్కదాన్నీ అనుమానించలేదు.

చిక్కు అక్కడొచ్చింది. చీకటిగా ఉండాల్సిన ఆయన పలక చీకటిగా ఉండేది కాదు. చుక్కలు. ఊరినుంచి వచ్చిన కొన్ని నమూనాల్లో ఉన్నన్ని చుక్కలు ఆయన దానిలోనూ ఉండేవి. జబ్బులేని మనిషిదీ అలాగే వెలిగితే, వెలిగేది జబ్బు కాదన్నమాట, మురికన్నమాట. ఆయన వాదన అది, వాదనగా చూస్తే తప్పేమీ లేదు. అలా మురికి మీద యుద్ధం మొదలైంది. సబ్బు మార్చాం. నీళ్ళు మార్చాం. చీపురు గదిలోకి రాకూడదన్నారు. నేను కాటుక మానేశాను, గోరింటాకు మానేశాను, తలకు నూనె మానేశాను. చేతులు కడిగి కడిగి తోలు ఊడిపోయింది.

ఒకరోజు విసుగెత్తి అరిచాను. "మేష్టారూ, ఇంక మిగిలింది చర్మమే. అది కూడా వలుచుకుని రమ్మంటారా?"

"వలుసుకుని వస్తే బాగున్ను. అదీ మెరుస్తాది" అన్నారు, నవ్వకుండా. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ యుద్ధం మొదలైన మూడోవారం మేష్టారు ఊరికెళ్ళొచ్చి, పరీక్షకి నమూనాలు ఇచ్చినవాళ్ళు ఏమైందని అడుగుతున్నారని, వాళ్ళకి ఏటి సెప్పాలని నన్నే అడిగారు. ఆ పని నిలబడదేమోనని ఆయన భయపడడం నేను చూసింది అప్పుడే.

తర్వాత ఒకరోజు ఆయన కాలేజీ పరీక్షల పనిమీద విజయనగరం వెళ్ళారు. సీసా రాలేదు. పలక సిద్ధం చేసుకుని కూర్చున్నాను, పారేయడం ఎందుకని నాదే వాడాను. తెర చూస్తే చీకటి. నల్లటి, నిండు చీకటి. ఎక్కడో ఒకటి అరా మినుకు, అంతే. లేచి గెంతాను. ఫోన్ చేసి, "మేష్టారూ, చీకటండీ! మురికి పోయింది!" అని అరిచాను. అవతల బస్సు హారన్ల మధ్య ఆయన గొంతు, "పూర్తిగా సీకటేనా? నిజం సెప్పు!" అని.

మర్నాడు కోవా పొట్లం తెచ్చారు. పొట్లం బయట బల్లమీద పెట్టి, చేతులు కడుక్కుని, సీసా ఇచ్చారు. పెట్టాను. చుక్కలు. తెరనిండా.

"ఏటి సేసేవు నిన్న? ఏదో సేసేవు. గుర్తు తెచ్చుకో" అన్నారు.

వరుసగా చెప్పుకొచ్చాను. నీళ్ళు అవే, పలకలు అదే డబ్బాలోవి, రంగుమందు అదే, లేజరు అంతే. "అన్నీ ఇవాళ్టిలాగే మేష్టారూ, సీసా ఒక్కటే..." అని ఆగిపోయాను.

ఆయన నా వైపు తిరిగారు. "సీసా ఎవరిది?"

"నాదండీ."

తెర వెలుగులో ఆయన ముఖం సగమే కనిపిస్తోంది. పెదవులు కదిపి ఏదో లెక్క కట్టుకున్నారు. నాకంటే ముందు ఆయనకే అర్థమైంది. తర్వాత ఆ గొంతు, గేటు దాకా వినిపించే గొంతు, ఆ కొట్టుగదిలో మోగింది.

"ఒసే! పని సేస్తన్నాదే! ఇన్నాళ్ళూ పని సేస్తనే ఉన్నాది! మురికీ లేదు, గిరికీ లేదు! మనమే గుడ్డోళ్ళం!"

నేను ఏడుస్తున్నాను. ఆయన మైక్రోస్కోపు చుట్టూ, ఆ మోకాళ్ళతోనే, తిరుగుతున్నారు. ఆయన్ని ఆపి, "మేష్టారూ, ఇవి మీవి. మీ ఒంట్లోవి" అన్నాను. "తెలుసే. నాను సదువుకున్నాను" అన్నారు. మళ్ళీ వెంటనే, "ఒక్కసారొస్తే రుజువు కాదు. గుడ్డిగా సూడాల. ఏ సీసా ఎవరిదో నీకు తెలీకూడదు, నాకు తెలీకూడదు. ఆదివారం పెడదాం. ఏడుపాపి కోవా తిను" అన్నారు.

ఆ ఆదివారం సంగతి చెప్పి ఆపేస్తాను. ముందు ఆ తర్వాతి సంగతి చెప్పెయ్యాలి, లేకపోతే పెద్దమనిషి మాటే నిలబడిపోతుంది. ఆ వారమే విశాఖపట్నంలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మామూలు పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని డాక్టరు నవ్వాడట. మేష్టారు నవ్వలేదు. బఠాణీల్లా మింగే నొప్పి బిళ్ళలు కిడ్నీలకి చేటని ఆ రోజే మురుక్కాలవలో పోశారు. ఉప్పు తగ్గించారు, ఎండలో తిరగడం మానేశారు, పరీక్షలు తప్పకుండా చేయించుకున్నారు. ఆ డాక్టరు పరీక్షల్లో జబ్బు కనిపించడానికి ఆ తర్వాత ఏళ్ళు పట్టింది. అది కూడా నింపాదిగా, మేష్టారు అడ్డం పడుతుంటే వంగి వంగి వచ్చినట్టు వచ్చింది. అన్నలిద్దరికీ దొరకని కాలం ఆయనకు దొరికింది. ఆ కాలంలో ఉద్దానం ఊళ్ళు తిరిగి నమూనాలు తెచ్చారు, తొలిదశలో ఉన్నవాళ్ళని డాక్టర్ల దగ్గరికి తోలారు, వెళ్ళనని మొండికేసిన వాళ్ళని ఇంటికెళ్ళి తిట్టారు. తిట్లు తిన్నవాళ్ళలో కొందరు మొన్న సభకొచ్చారు. వెనక నిలబడ్డారు. వాళ్ళని ఎవరూ మాట్లాడమనలేదు. మా పలకలు ఇంకా ఆసుపత్రుల్లోకి రాలేదు, రావడానికి చాలా పని ఉంది, ఇప్పుడది విజయనగరంలో నేనూ నా దగ్గర చదివే పిల్లలూ చేస్తున్నాం. తలుపు దగ్గర నేనూ తిడుతున్నాను.

ఇక ఆదివారం. సీసాలు పోగుచేసింది మేష్టారి భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం. తనది, ఆయనది, పైవాటాలో అద్దెకున్న దంపతులవి, నాది, పక్కింటామెది. ఏది ఎవరిదో ఆవిడకే తెలియాలి. కుట్టుమిషను డబ్బాలోంచి రంగురంగుల దారాలు తీసి ఒక్కో సీసాకి ఒక్కో రంగు కట్టి తెచ్చారు. ఎందుకో ఆయన ఆవిడకి చెప్పలేదు. "ఏదో పరీక్షలే" అన్నారట. ఆవిడని కూడా గుమ్మంలో నిలబెట్టి టార్చి వేశారు. "పసుపు రాసుకోకుండా వచ్చేనండీ. ముత్తయిదువునన్న సంగతి ఈ గదికి తెల్దు గదా" అన్నారు ఆవిడ. లోపలికొచ్చి మూలన స్టూలు మీద కూర్చున్నారు.

మైక్రోస్కోపు దగ్గర నేను. పక్కన మేష్టారు, వేళ్ళు విరుచుకుంటూ. నేను మనసులో శ్రీకూర్మం స్వామికి మొక్కుకుంటున్నాను. స్వామీ, ఈ యంత్రం పాడైపోవాలి, ఈ పలకలన్నీ దండగవ్వాలి, నా ఇన్నేళ్ళ చదువు గంగలో కలిసినా ఫర్వాలేదు, అన్నీ చీకటిగా రావాలి. ఆయన మాత్రం ఒకటి వెలగాలని కూర్చున్నారు. ఒకే తెర, ఇద్దరం చెరొకటి కోరుకుంటున్నాం.

ఎర్రదారం. చీకటి. తెల్లదారం. చీకటి. నీలం, చీకటి. ప్రతిసారీ నేను ఊపిరి వదిలేదాన్ని, ఆయన "ఊ, తరవాత" అనేవారు. పసుపుపచ్చదీ చీకటే. పచ్చదారం పెట్టాను.

చుక్కలు. ఒకటి, పక్కన ఇంకొకటి, ఇటొకటి, అటొకటి, చూస్తుండగానే తెరంతా. కొన్ని టప్పుటప్పున ఆరుతున్నాయి. నా చెయ్యి మౌసు మీదే ఉండిపోయింది.

మేష్టారు లేచి చప్పట్లు కొట్టారు. పడీ పడీ నవ్వుతున్నారు. "పచ్చదారం! సూసేవా గుంటా! గుడ్డిగా పెట్టినా పట్టీసింది! ఆఖరిది కూడా పెట్టు, అది సీకటే, నాను సెప్తన్నాను! ఒసే, సెప్పు, పచ్చదారం ఎవరిది?" అని మూలకి తిరిగారు.

అమ్మగారు నా ముఖం వైపు చూశారు. నా కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి కూడా లేదు, చేతులకు తొడుగులున్నాయి. తర్వాత తెర వైపు చూశారు. ఇద్దరు బావగార్లకి చాకిరీ చేసి సాగనంపిన మనిషి. వెలిగిన సీసా అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు ఆవిడకి.

"నాదండీ" అన్నారు.

నవ్వు ఆగిపోయింది. అంత హఠాత్తుగా ఆగడం నేనెప్పుడూ వినలేదు. మేష్టారు బల్ల అంచు పట్టుకున్నారు. పట్టు దొరకలేదు, తడుముకుంటూ కుర్చీలో కూలబడ్డారు. "నీదా?" అన్నారు. ఆ గొంతు నాకు కొత్త. గదిలో ఉన్న నాకే సరిగ్గా వినిపించలేదు. "కాదు. తప్పు. ఎక్కడో తప్పు సేసేం. ఇది పని సెయ్యదు. పలకలు మంచివి కావు. గుంటా, ఆపీ... ఆపీయే అది..." ఇంతసేపూ రుజువనుకుని గెంతిన మనిషి, అంతా అబద్ధమని చెప్పమని నన్ను బతిమాలుతున్నారు. అన్నలు పోయినప్పుడు ఎలా ఉన్నారో నాకు తెలియదు. ఆ రోజు చూశాను.

అమ్మగారు స్టూలు మీదనుంచి లేచొచ్చారు. ఆయన ముఖం అలా చూసి తట్టుకోలేకపోయారు. భుజం మీద చెయ్యి వేశారు.

"కాదండీ. నాది కాదు. నాది తెల్లదారం. అబద్ధం ఆడేను" అన్నారు. "పచ్చది మీదే."

మేష్టారు తల ఎత్తారు. "ఒట్టు?"

"ఒట్టండీ. పిల్లల మీదొట్టు. మీదే."

ఆయన ఆవిడ చేతిని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

"అమ్మయ్య" అన్నారు.